ఏప్రిల్ నెల, రేపటి ఆటగాళ్లు: నార్త్ కరోలైనా బేస్‌బాల్ గ్రౌండ్ల వెంట

శుక్రవారం, డర్హమ్

ఏప్రిల్ వచ్చిందంటే నార్త్ కరోలైనాలో కారు అద్దాల మీద, గుమ్మాల ముందు, పార్కు బెంచీల మీద పసుపు రంగు పుప్పొడి పేరుకుపోతుంది. అంతా పైన్ చెట్ల పుణ్యం. ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే ఉంటాం. బేస్‌బాల్ సీజన్ మొదలయ్యేది కూడా ఆ రోజుల్లోనే. మా అమ్మాయిది ఏడాది పొడవునా నడిచే బడి. 2025 ఏప్రిల్‌లో తన ట్రాక్‌కి, అంటే తన బ్యాచ్‌కి, సెలవులు పడ్డాయి, నేనూ ఆఫీసుకి సెలవు పెట్టాను. మేజర్ లీగ్ మెట్టు ఇంకా ఎక్కని కుర్రాళ్లని సీజన్ మొదట్లోనే, దగ్గరనుంచి చూసి రావాలని మా ఆలోచన.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైనున్న మేజర్ లీగ్‌లో ముప్పై జట్లున్నాయి. ఒక్కోదాని కింద నాలుగు మెట్లు, అడుగు నుంచి పైకి: లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. అంటే మొత్తం 120 చిన్న జట్లు. ఒకప్పుడు 160 ఉండేవి, 2021లో తగ్గించేశారు. ఎన్నో చిన్న ఊళ్లు ఆ దెబ్బకి తమ జట్టుని పోగొట్టుకున్నాయి. నార్త్ కరోలైనా అదృష్టం బాగుంది. డర్హమ్, షార్లెట్, గ్రీన్స్‌బరో, విన్‌స్టన్-సేలమ్, ఆష్‌విల్, హికరీ, కన్నాపొలిస్, ఫయెట్‌విల్, జెబ్యులన్, ఇన్ని ఊళ్లలో 2025లో ఇంకా ఆట జరుగుతూనే ఉంది. కారుంటే చాలు, ఎటు వెళ్లినా రెండు మూడు గంటల్లో ఏదో ఒక గ్రౌండ్ తగులుతుంది.

మోరిస్‌విల్‌లోని మా ఇంటి నుంచి డర్హమ్ బుల్స్ స్టేడియం దగ్గరే. పాత పొగాకు ఫ్యాక్టరీల పక్కన 1995లో కట్టారు. ఆ ఎర్ర ఇటుకల గోదాముల్లో ఇప్పుడు ఆఫీసులు, హోటళ్లు నడుస్తున్నాయి. ఎడమవైపు ఎత్తయిన నీలం గోడ, దానిపైన పెద్ద ఎద్దు బొమ్మ. ఎద్దుకి బంతి తగిలితే స్టేక్, ఎద్దు కింద గడ్డికి తగిలితే సలాడ్ బహుమతి అని దాని మీదే రాసి ఉంటుంది.

గేట్లు తెరవగానే లోపలికి వెళ్లాం. నా దృష్టిలో ఏప్రిల్‌లో చూడాల్సింది ఆట మొదలయ్యే ముందు ఆ గంటసేపే. సీజన్ మొదట్లో అంకెల్ని నమ్మడానికి లేదు. పది సార్లు బ్యాటింగ్‌కి వచ్చి అయిదు హిట్లు కొట్టినవాడు జూన్‌కల్లా కనిపించకుండా పోవచ్చు. ఒకడు బంతిని ఎలా అందుకుంటున్నాడు, కాళ్లు ఎలా కదుపుతున్నాడు, విసిరాక భుజం ఎటు తిరుగుతోంది అన్నవి మాత్రం ఏ నెలలోనైనా నిజమే చెబుతాయి.

డర్హమ్ బుల్స్ ట్యాంపా బే రేస్ వాళ్ల ట్రిపుల్-ఏ జట్టు. ఆ నెలలో వాళ్ల దగ్గర మేం చూడాలనుకున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాచేవాడు) కార్సన్ విలియమ్స్, 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు. రెండోవాడు చాండ్లర్ సింప్సన్. 2024లో రెండు మెట్లలో ఆడి 104 బేస్‌లు దొంగిలించాడు, అంటే అవతలివాడు బంతి విసురుతుండగానే అన్నిసార్లు తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరాడు. ఆ అంకె చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. స్కౌట్లు, అంటే జట్ల కోసం కుర్రాళ్లని చూసి అంచనా వేసేవాళ్లు, ఆటగాడి ఒక్కో నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. సింప్సన్ పరుగుకి 80 వేశారు. అంతకన్నా వేయడానికి లేదు మరి.

బేస్ దొంగతనం లెక్క మా అమ్మాయికి నోటికి వచ్చు. పిచర్ (బంతి విసిరేవాడు) కదలడం మొదలుపెట్టి బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక మన కీపర్ లాంటివాడు) చేతికి చేరేసరికి 1.3 సెకన్లు. క్యాచర్ దాన్ని పట్టుకుని, లేచి, రెండో బేస్‌కి విసిరి, అక్కడి ఫీల్డర్ గ్లవ్‌లో పడేలా చేయడానికి సుమారు 2 సెకన్లు. రెండూ కలిపితే 3.3. ఆ లోపల రన్నర్ రెండో బేస్ తాకితే బతికినట్టు. పైగా 2023 నుంచి మేజర్ లీగ్‌లో బేస్ పలక 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది. పిచర్ రన్నర్‌ని భయపెట్టడానికి మొదటి బేస్‌కి బంతి విసరడం మీద కూడా పరిమితి పెట్టారు. మూడోసారి విసిరి ఔట్ చేయలేకపోతే రన్నర్‌కి ఒక బేస్ ఉచితంగా ఇచ్చేయాలి. ఈ మార్పులన్నీ ముందు ఈ చిన్న జట్ల మీదే పరీక్షించి చూశారు.

అమ్మాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి పిచర్ల టైము రాసుకుంటూ కూర్చుంది. "నాన్నా, ఈయన 1.5 తీసుకుంటున్నాడు. ఈయన మీద ఎవరైనా దొంగిలిస్తారు" అంది. మా ముందు వరసలో రాడార్ గన్ పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, తన నోట్‌బుక్‌లో ఉన్న అంకె మీద వేలు పెట్టి చూపించాడు. 1.52. ఆ తర్వాత ఆట అయ్యేదాకా వాళ్లిద్దరూ ప్రతి పిచర్ టైమూ సరిచూసుకుంటూనే ఉన్నారు.

సింప్సన్‌ని ఏప్రిల్ 19న రేస్ వాళ్లు పైకి పిలిచేశారు. విలియమ్స్ ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది.

శనివారం, జెబ్యులన్

రాలీ దాటి తూర్పుకి వెళ్తే భవనాలు పలచబడి పొలాలు మొదలవుతాయి. ఆ పొలాల మధ్యలోనే ఫైవ్ కౌంటీ స్టేడియం. 1991లో జార్జియాలోని కొలంబస్ నుంచి వచ్చిన మడ్‌క్యాట్స్ పేరుతో 2025 దాకా ఇక్కడ జట్టు ఆడింది. మడ్‌క్యాట్ అంటే బురద నీళ్లలో తిరిగే మీసాల చేప, మన వాలుగ లాంటిది. 2025 వాళ్లకి ఇక్కడ ఆఖరి సీజన్. మేజర్ లీగ్ పెట్టిన కొత్త ప్రమాణాలకి ఈ పాత గ్రౌండ్ సరిపోలేదు, దాంతో ఇంకా తూర్పున విల్సన్ అనే ఊళ్లో కొత్తది కట్టడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసి వచ్చినవాళ్లు స్టాండ్స్‌లో చాలామందే ఉన్నారు. టోపీలు పాతబడిపోయిన ముసలి దంపతులు, చిన్నప్పుడు తండ్రితో వచ్చి ఇప్పుడు కొడుకుతో వచ్చినవాళ్లు. ఊళ్లోంచి ఆట వెళ్లిపోతుంటే నాకు కడుపులో దేవినట్టు అనిపిస్తుంది, ఆ ఊరు నాది కాకపోయినా.

మడ్‌క్యాట్స్ మిల్వాకీ బ్రూవర్స్ వాళ్ల లో-ఏ జట్టు, నాలుగు మెట్లలో అడుగున ఉన్నది. ట్రిపుల్-ఏ నుంచి నేరుగా ఇక్కడికి వస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ అందరూ పిల్లలే. గడ్డాలు ఇంకా సరిగ్గా రాలేదు.

మేం వెతుక్కుంటూ వచ్చింది హెసూస్ మాదే కోసం. డొమినికన్ రిపబ్లిక్ కుర్రాడు, షార్ట్‌స్టాప్, కుడి ఎడమ రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేస్తాడు. బ్రూవర్స్ 2024 జనవరిలో 9,50,000 డాలర్లిచ్చి సంతకం చేయించుకున్నారు. ఆ ఏప్రిల్‌లో అతని వయసు పదిహేడే. మా అమ్మాయి కన్నా ఎంతో పెద్దవాడు కాదు. పక్కనే లూయిస్ పేన్యా, అతనికి పద్దెనిమిది. వాళ్ల ఎదురుగా నిలబడే పిచర్లలో కాలేజీ చదువు పూర్తిచేసి వచ్చినవాళ్లుంటారు, నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. ఆ వయసులో నాలుగేళ్లంటే మాటలా!

అయితే ఆ రోజు నా కళ్లకి బాగా పట్టుకున్నది పేరున్నవాళ్లు కాదు. ఆట మొదలవడానికి ముప్పావుగంట ముందు డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) పక్కన ఒక క్యాచర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గ్లవ్ లేదు, చేతులు రెండూ వీపు వెనక కట్టుకున్నాడు. కోచ్ పది అడుగుల దూరం నుంచి బంతుల్ని నేల మీద కొట్టి పైకి లేచేలా విసురుతున్నాడు. ఈ అబ్బాయి వాటిని ఛాతీతో ఆపాలి, అదీ బంతి పక్కకి ఎగిరిపోకుండా తన ముందే పడేలా. ఒకటి గొంతు కింద తగిలింది, ఒకటి భుజానికి. ప్రతిదానికీ ముందుకి వంగి, గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలేస్తున్నాడు. ఊపిరి బిగబడితే ఛాతీ గట్టిపడి బంతి దూరంగా ఎగురుతుందని అమ్మాయి చెప్పింది, వాళ్ల సాఫ్ట్‌బాల్ కోచ్ కూడా అదే చెబుతుందట. నలభై యాభై బంతులైనా ఆపి ఉంటాడు. ఆ రాత్రి అతన్ని ఆటలోకి దింపనేలేదు. పైకి వస్తారనుకునే కుర్రాళ్ల ఏ ప్రాస్పెక్ట్ జాబితాలోనూ అతని పేరుండదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2022లో ఈ చిన్న జట్ల ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023 మార్చిలో కుదిరిన మొట్టమొదటి ఒప్పందంలో లో-ఏ ఆటగాడి కనీస వార్షిక జీతం 11,000 డాలర్ల నుంచి 26,200కి పెరిగింది. ట్రిపుల్-ఏలో 35,800. మేజర్ లీగ్‌లో 2025 కనీస జీతం 7,60,000. మధ్యలో ఉన్న ఆ అగాధాన్ని దాటడానికే ఆ పిల్లాడు ఛాతీ మీద బంతులు తిన్నది. మాదే లాంటి వాళ్లకి ముందే చేతికొచ్చిన సొమ్ము ఉంటుంది. మిగిలినవాళ్లలో చాలామంది చలికాలంలో వేరే పనులు చేసుకుంటారు. అయినా జీతం పెరగకముందు ఒకే అపార్ట్‌మెంట్‌లో అయిదారుగురు నేల మీద పరుపులేసుకుని పడుకున్న రోజులతో పోలిస్తే ఇది మేలే. 2022 నుంచి బస కూడా జట్లే చూసుకుంటున్నాయి.

మాదే ఆ ఏడాది చివరికి డబుల్-ఏ దాకా వెళ్లిపోయాడు.

ఆదివారం, కన్నాపొలిస్

పొద్దున్నే బయల్దేరి పడమటికి డ్రైవ్ చేశాం. కాంకర్డ్‌లో మా అక్క వాళ్లింట్లో బ్యాగులు పెట్టి, పెసరట్లు తిని, బావని కూడా బలవంతంగా కారెక్కించాం. కన్నాపొలిస్ అక్కణ్ణుంచి పక్కనే.

ఇది ఒకప్పుడు టవళ్ల ఊరు. క్యానన్ మిల్స్ పేరుతో అమెరికాలో దాదాపు ప్రతి స్నానాలగదిలోనూ వీళ్ల టవల్ ఉండేది. 2003లో మిల్లు మూతపడి ఈ చుట్టుపక్కలే నాలుగు వేల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. తర్వాత 2015లో ఊరి పాలకమండలే డౌన్‌టౌన్‌లో చాలాభాగం కొనేసి, మధ్యలో ఈ బాల్‌పార్కు కట్టింది. 2020లో తెరవాల్సింది, కోవిడ్ వల్ల 2021లో మొదటి ఆట జరిగింది. జట్టు పేరు క్యానన్ బాలర్స్, షికాగో వైట్ సాక్స్ వాళ్ల లో-ఏ జట్టు. కారు రేసుల దిగ్గజం డేల్ అర్న్‌హార్ట్ ఈ ఊరివాడే, అతని గౌరవార్థం ఇక్కడ ఎవరికీ 3వ నంబరు జెర్సీ ఇవ్వరు.

"ఏరా, పేరు కూడా తెలియని పిల్లల ఆట చూడ్డానికి ఇంత దూరం వచ్చారా?" అన్నాడు బావ, సీట్లో సర్దుకుంటూ.

"విజయవాడలో రంజీ మ్యాచ్‌కి ఖాళీ స్టాండ్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేవాడివి కదా బావా" అన్నాను.

"అది వేరు. అక్కడ ఎవరో ఒకడు ఇండియాకి ఆడేవాడు కనబడతాడని ఆశ."

"ఇదీ అంతే."

ఆ రోజు ఆశ పేరు బ్రేడన్ మాంట్‌గోమరీ. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి ఆడుతూ 2024 జూన్‌లో, కాలేజీ సీజన్ మంచి రసపట్టులో ఉండగా, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గర జారబోయి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అయినా బోస్టన్ రెడ్ సాక్స్ డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో ఎంచుకున్నారు. ఒక్క ప్రొఫెషనల్ ఆట కూడా ఆడకముందే డిసెంబర్‌లో షికాగో వైట్ సాక్స్‌కి మారిపోయాడు. గారెట్ క్రోషే అనే పిచర్ కోసం జరిగిన పెద్ద మార్పిడిలో అతనొక వాటా. అలా విరిగిన కాలు అతుక్కున్నాక, తనని ఎంచుకోని జట్టు తరఫున, ఈ టవళ్ల ఊళ్లో అతని కెరీర్ మొదలైంది. అతను ఔట్‌ఫీల్డ్‌లో బంతి వెనక పరుగెత్తుతున్నప్పుడు నేను బంతిని వదిలేసి ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. కుంటుతున్న జాడ ఎక్కడా లేదు.

బావకి అయిదో ఇన్నింగ్స్‌కల్లా (ఇక్కడ ఆటకి తొమ్మిదుంటాయి) పట్టు దొరికింది. పిచర్ ఏ బంతి వేస్తాడో ముందే చెప్పడం మొదలుపెట్టాడు. క్రికెట్‌లో స్లో బాల్ కనిపెట్టే కన్ను ఇక్కడా పనికొస్తుంది. ఆట అయ్యాక పిల్లల్ని గ్రౌండ్‌లోకి దిగి బేస్‌ల చుట్టూ పరుగెత్తనిస్తే మా అక్క కొడుకు రెండు రౌండ్లు కొట్టాడు.

సోమవారం, హికరీ

సోమవారం చిన్న లీగ్‌లన్నింటికీ సెలవు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం బస్సు ప్రయాణం, అదీ పద్ధతి. ఆట లేని రోజున హికరీ వెళ్దామని పట్టుబట్టింది నేనే. గంటకి పైగా దారి. ఫర్నిచర్ షాపులు దాటుకుంటూ వెళ్తే ఎల్.పి. ఫ్రాన్స్ స్టేడియం. గేటుకి తాళం. కంచె అవతల ఒకాయన పిచింగ్ మౌండ్, అంటే పిచర్ నిలబడే మట్టి దిబ్బ, మీద మట్టి తడిపి సమంగా తొక్కుతున్నాడు. మేం చూసింది అంతే.

కుమార్ రాకర్ అనే పిచర్ 2023లో ఇక్కడే ఆడాడు, అందుకోసమే వెళ్లాం. అతని తల్లి లలిత భారతీయ కుటుంబంలో పుట్టిన ఆవిడ, తండ్రి ట్రేసీ రాకర్ ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019 జూన్‌లో మా డర్హమ్‌లోనే ఉన్న డ్యూక్ యూనివర్సిటీ జట్టు మీద 19 సార్లు బ్యాటర్లని స్ట్రైకౌట్ చేసి, అంటే బంతిని ఆడలేకుండా ఔట్ చేసి, ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆట ముగించాడు. అప్పుడతను మొదటి ఏడాది విద్యార్థి. ఆ రాత్రి డ్యూక్ గెలవాలని టీవీ ముందు కూర్చున్న నేను ఏడో ఇన్నింగ్స్‌కల్లా పక్షం మార్చేశాను.

తర్వాత అతని దారి తిన్నగా సాగలేదు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షల్లో చేయి గురించి అనుమానాలొచ్చి ఒప్పందం చేసుకోకుండా వదిలేశారు. ఏ పెద్ద జట్టుకీ సంబంధం లేని ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ ఏకంగా 3వ స్థానంలో తీసుకున్నారు. హికరీకి వచ్చి ఆరు ఆటలు బాగా వేశాడో లేదో, మోచేతి లిగమెంట్ తెగి 2023 మేలో ఆపరేషన్. టామీ జాన్ సర్జరీ అంటారు దాన్ని. కోలుకోవడానికి ఏడాదికి పైనే. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటిసారి మేజర్ లీగ్‌లో బంతి వేశాడు. కుమార్ అనే పేరు ఆ జెర్సీల మధ్య విన్నప్పుడు మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం.

కంచె పట్టుకుని ఆ మౌండ్‌నే చూస్తూ అమ్మాయి అడిగింది, "ఇక్కడ వేసిన ఆఖరి బంతి అతనికి ఎలా ఉండి ఉంటుంది నాన్నా?" నొప్పి ఆ బంతితోనే తెలిసిందో, మర్నాడు లేచాక తెలిసిందో. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మంగళవారం, షార్లెట్

వైట్ సాక్స్ వాళ్ల ట్రిపుల్-ఏ జట్టు షార్లెట్ నైట్స్ గ్రౌండ్ నగరం నడిబొడ్డున, బ్యాంకుల టవర్ల కింద ఉంది. ఔట్‌ఫీల్డ్ గోడ వెనక ఆకాశహర్మ్యాలన్నీ వరసగా లేస్తాయి. ఆ టవర్లలో పనిచేసే మనవాళ్లు అయిదున్నరకి లాప్‌టాప్ బ్యాగులతోనే స్టేడియానికి వచ్చేశారు. పక్క వరసలో తెలుగు వినిపించి పలకరించాను. కడప వాళ్లు, ఆట చూడ్డం ఇదే మొదటిసారట.

ట్రిపుల్-ఏలో ఒక విశేషం ఉంది. బంతి సరైన చోటునుంచి వెళ్లిందా (స్ట్రైక్) లేదా (బాల్) అన్న అంపైర్ తీర్పు నచ్చకపోతే బ్యాటరో పిచరో క్యాచరో తల మీద తట్టుకుంటే చాలు, కెమెరాల లెక్క ప్రకారం బంతి ఎక్కణ్ణుంచి వెళ్లిందో బోర్డు మీద వచ్చేస్తుంది. మన క్రికెట్ డీఆర్‌ఎస్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కడప వాళ్లకి వెంటనే అర్థమైపోయింది. ఇక్కడ ఏళ్ల తరబడి పరీక్షించాక 2026 నుంచి మేజర్ లీగ్‌లోకి తెచ్చారు. నాకిది చాలా నచ్చింది. ఇందులో క్యాచర్ కన్నుకి విలువ పెరుగుతుంది. బోస్టన్ నుంచి అదే మార్పిడిలో వచ్చిన కైల్ టీల్ అప్పట్లో ఇక్కడే క్యాచర్, జూన్‌లో షికాగో పిలిచింది.

నేను వచ్చింది మాత్రం కోల్సన్ మాంట్‌గోమరీ కోసం. కన్నాపొలిస్‌లో చూసిన బ్రేడన్‌కి ఇతను ఏమీ కాడు, ఇంటిపేరు ఒకటే. ఇండియానా కుర్రాడు, పొడగరి షార్ట్‌స్టాప్, 2021 మొదటి రౌండ్. ఒకప్పుడు వైట్ సాక్స్ జాబితాలో మొదటి పేరు. 2024 అంతా షార్లెట్‌లోనే తడబడ్డాడు, 2025 ఏప్రిల్ ఇంకా అధ్వాన్నంగా మొదలైంది. బంతికి బ్యాట్ తగలడమే గగనమైపోయింది. నాలుగేళ్లుగా ఇతని మీద వచ్చిన ప్రతి రిపోర్టూ చదివినవాణ్ణి నేను, వెనక వరసల్లో అతన్ని వెళ్లిపోమని అరుస్తున్నవాళ్లని చూస్తే ఒళ్లు మండింది. ప్రాక్టీసులో మాత్రం ఆ కుర్రాడు నేల బంతుల్ని అందుకునే తీరులో తొందర లేదు, బెదురు లేదు. "బ్యాటింగ్ పోయినా చేతులు పోలేదు కదా" అంది అమ్మాయి.

ఏప్రిల్ ఆఖరుకి అతన్ని జట్టులోంచి తీసి అరిజోనాలోని శిక్షణ కేంద్రానికి పంపారు. బ్యాట్ పట్టుకునే తీరు నుంచి మళ్లీ మొదలుపెట్టించారు. మేలో తిరిగొచ్చాడు. జూలై 4న షికాగో తరఫున దిగాడు. మిగిలిన సీజన్‌లో 71 ఆటల్లో 21 హోమ్ రన్లు.

ఈ వైపు ఉన్నవాళ్లు వెళ్లాలనుకుంటే వారం మధ్యలో వెళ్లండి, జనం తక్కువ, పార్కింగ్ తేలిక. మొదటి బేస్ వైపో మూడో బేస్ వైపో డగౌట్ పక్కన కింది వరసలో టికెట్ తీసుకోండి. ట్రిపుల్-ఏ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, లో-ఏ కూడా చూడండి. జెబ్యులన్‌లో మాత్రం ఇక ఆట లేదు. 2026 నుంచి ఆ జట్టు వార్‌బర్డ్స్ పేరుతో విల్సన్‌లోని కొత్త గ్రౌండ్‌కి మారింది. మా ఇంటి నుంచి గంట దూరం. డొమినికన్ అకాడమీలో ఎదిగిన బ్రూవర్స్ పిల్లల్లో చాలామంది అరిజోనా మీదుగా వచ్చి చేరేది అక్కడికే.